బండల కింద ఇసుక

నేను కాపురానికి వచ్చిన ఇల్లు నరసరావుపేట బజారులో ఉండేది. కింద బట్టల కొట్టు, పైన ఇల్లు. ఇల్లంటే రెండు గదులూ వెనక వంటగదీ. నేల చెక్కది. టేకు దూలాల మీద టేకు చెక్కలు పక్కపక్కనే పరిచి మేకులు దిగ్గొట్టారు. కట్టించిన రోజుల్లో అది చాలా గొప్పట. పనిగట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్ళట. ఆ గొప్పేమిటో చూసి వెళ్ళినవాళ్ళకే తెలియాలి. ఉన్నదాన్ని, నాకు తెలియలేదు.

మా పల్నాటి ఎండకు మనుషులే వడిలిపోతారు, చెక్క ఒక లెక్కా. వేసవి వచ్చేసరికి చెక్కలు కుంచించుకుపోయి మధ్యలో సందులు పడేవి. ఆ సందుల్లోంచి చూస్తే కింద గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా మామగారి బట్టతల కనిపించేది. నేను ఊడిస్తే దుమ్ము ఆయన నెత్తిన పడేది. కడగడమనే మాటే లేదు. తడిగుడ్డ గట్టిగా పిండి, మోకాళ్ళ మీద పాకుతూ తుడుచుకోవాలి. పసుపు నీళ్ళో పప్పు నీళ్ళో ఒలికితే కింద తెల్ల పంచెల గతి అంతే. వానాకాలం చెక్కలు ఉబ్బి కిర్రుమనేవి. నేను వంటింట్లో ఉన్నానో, నడిమి గదిలో నడుం వాల్చానో కొట్లో కూర్చున్న ప్రతివాళ్ళకూ తెలిసేది.

అవన్నీ ఒక ఎత్తు, గజంబద్ద ఒక ఎత్తు.

కొట్లో కొలతలకు సర్కారు ముద్ర వేసిన ఇనప మీటరు బద్ద వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. పాత కొయ్య గజంబద్దకు కొలిచే పని పోయింది గానీ ఉద్యోగం పోలేదు. మా మామగారు ఎత్తయిన పీట మీద కూర్చునేవారు, కొట్టు కప్పు కిందికి ఉండేది. కూర్చున్న చోటు నుంచే గజంబద్ద ఎత్తి కప్పుకు కొట్టేవారు. ఒక దెబ్బ కొడితే మంచినీళ్ళు. రెండు కొడితే కాఫీ. మూడు కొడితే నన్నే దిగి రమ్మని, అంటే ఎవరో ఆడవాళ్ళు చీరలకు వచ్చారని. ఆపకుండా కొడితే ఏదో కొంప మునిగిందని. ఆ దెబ్బ చెవితో వినక్కర్లేదు. అరికాళ్ళలోంచి పైకి పాకేది. అన్నం తింటుంటే కంచం కింద నుంచి వచ్చేది. పడుకుంటే వీపులో తగిలేది.

కొట్టులోంచి చూస్తే కప్పుకు ఆ దెబ్బలు పడే చోట చెక్క అరిగి చిన్న గుంట పడి ఉండేది. అది నా లెక్క కాదు. నేను రాకముందే పోయిన మా అత్తగారి కాలంలో పడింది. ఆ గుంటను నేను మరికాస్త లోతు చేయించానంతే.

వెనక మెట్లు ఉండేవి. మెట్లంటే మెట్లు కావు, నిచ్చెనకు అన్నగారు. గ్లాసు ఒక చేత్తో, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని దిగాలి. మళ్ళీ ఎక్కాలి. ఎక్కి ఊపిరి తీసుకునేలోపు కాళ్ళ కింద ఇంకో దెబ్బ. మామగారు చెడ్డవారు కాదు. ఒక్క మాట తూలింది లేదు. అసలు మాటే లేదు, బద్దే ఉంది. పిల్లలు బడికి పోయాక మధ్యాహ్నం ఒక్క గంట, ఒక్కటంటే ఒక్క గంట, ఎవరూ పిలవకుండా పడుకోవాలని నాకు ఉండేది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నా అదే అడిగేదాన్ని. నగలు అడిగినా ఇచ్చేవాడేమో.

ఒక పెళ్ళిళ్ళ కాలంలో పిల్లాడికి జ్వరం వచ్చింది. కషాయం తాగమంటే చెయ్యి విసిరాడు, గ్లాసు పడింది. కింద పెళ్ళివారి ముందు పరిచిన మధుపర్కాల మీద నల్లటి చుక్కలు రాలాయి. పెళ్ళివారు అపశకునమని లేచిపోయారు. కప్పుకు ఆపకుండా దెబ్బలు. ఆ సాయంత్రమే మామగారు తీర్మానం చేశారు.

“ఈ చెక్కతో ఇంక నా వల్ల కాదురా. బండలు ఏయిద్దాం” అన్నారు మా ఆయనతో.

నాకు లోపల పండగయింది. బండలు వస్తే బకెట్టుతో నీళ్ళు పోసి కడుక్కోవచ్చు. పైకి చెప్పుకోదగ్గ సంతోషం అది. చెప్పుకోలేనిది ఇంకొకటుంది. చెక్క మీద బండ పడితే ఆ దెబ్బ నా కాళ్ళదాకా రాదు.

మేస్త్రీ మా బజారు వెనక సందులో ఉండే సాయిబు. పెద్దవాడు, తాపీ కంటే నోరు ఎక్కువ పనిచేస్తుందని పేరు. వచ్చి, దూలాలు చూసి, చెక్కల మీద అటూ ఇటూ నడిచాడు.

“సెట్టిగారూ, బండదేముంది, ఎవుడైనా ఏస్తాడు. దాని కింద ఏం పరుస్తామనేదే అసలు పని. చెక్క కదిలేది. బండ కదల్నిది. కదిలేదానికీ కదల్నిదానికీ మజ్జెన ఏదో ఒకటి ఉండాల. అది ఓర్చుకుంటేనే పైన బండ నిలబడేది” అన్నాడు.

ఆ ఇంట్లో ఆ మధ్యన ఉన్నది ఎవరో నాకు తెలుసు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఇక చర్చ మొదలైంది. పిడుగురాళ్ళ సున్నంలో ఇటుక పొడి కలిపి గచ్చు పోద్దామని మేస్త్రీ అన్నాడు. దూలాలు చూడ్డానికి పిలిపించిన వడ్రంగి ఒప్పుకోలేదు. తడి గచ్చు పోస్తే చెక్క ఆ తడంతా తాగుతుందట. ఆరేలోపు పుచ్చుతుంది, ఎండాకాలం చెక్క ముడుచుకుంటే గచ్చు పగుళ్ళిస్తుంది అన్నాడు. మా ఆయన సిమెంటు అన్నారు. ఆయన ఏ జబ్బుకైనా సిమెంటే అనే మనిషి. బరువు దూలాలు ఓర్చుకోవు, బండలు కూడా పలచటివే తేవాలని వడ్రంగి ఇంకో మాట అన్నాడు. ఎవరి మాట వాళ్ళదే. నన్నెవరూ అడగలేదు. ఆ నేల మీద పాకేదాన్ని నేనొక్కదాన్నే అయినా.

ఎక్కడ చెక్క పుచ్చిందో చూడ్డానికి మేస్త్రీ కింద నుంచి కర్రతో కప్పంతా తట్టుకుంటూ పోయాడు. పైన నేను ఆ తట్టు వెంటే నడిచాను. నడిమి గది దాటి వంటింటి వైపు వస్తోంది, వస్తోంది, మూలకు రాగానే మాయమైంది. కాసేపటికి ఇవతల మళ్ళీ తేలింది. మధ్యలో ఆగాడేమో అనుకున్నాను. దిగి వెళ్ళి అడిగితే, “లేదమ్మా, వరసగా తడతానే ఉన్నా” అన్నాడు.

ఆ మూల ఏముందంటే, మంచినీళ్ళ కుండ. నీళ్ళు చల్లగా ఉండాలని చెక్క తొట్టిలో ఇసుక పోసి దాని మీద కుండ పెట్టుకునేదాన్ని. ఆ ఇసుక దెబ్బను మింగేసింది. ఎన్నో ఏళ్ళుగా నేను నీళ్ళు ముంచుకుంటున్న చోటే నాకు కావలసింది ఉంది. చూసుకోలేదు.

ఆ పూట వడ్డిస్తూ మెల్లగా అన్నాను. “ఇసుక పోయిస్తే ఎట్టా ఉంటది మామయ్యా?”

“ఇసకా? సందుల్లోంచి మొత్తం నా నెత్తినే పడుద్ది గదమ్మాయ్” అన్నారాయన, మజ్జిగ పోసుకుంటూ. అంతటితో సరి.

చివరికి ఆయన మాటే గెలిచింది. ఆయన మాట చౌడు. గురజాల దగ్గర వాళ్ళ సొంతూళ్ళో అన్నీ మట్టి మిద్దెలు. వాటి మీద చౌడుమట్టి వేస్తారు. అది నీటిని లోపలికి దిగనివ్వదు, ఎంత వానకైనా చుక్క కారదు.

“మా తాత ఏసిన చౌడురా. ఈనాటికీ ఒక్క చుక్క కారలా. మిద్దె మీద ఆగిన నీళ్ళు, మన ఇంట్లో ఆగవా ఏంది?” అన్నారు.

మేస్త్రీ గొణిగాడు గానీ, తాతగారి చౌడును కాదనేంత ధైర్యం లేదు. ఊరి నుంచి బండ్ల మీద చౌడు వచ్చింది. తడిపి, పరిచి, చదును చేసి, మాచర్ల వైపు నుంచి తెప్పించిన పలచటి నాపబండలు వేశారు. పని జరిగినన్నాళ్ళూ మెట్ల కింద పొయ్యి పెట్టుకుని వండాను. పొగకు కళ్ళు, తట్టలు ఎక్కిస్తుంటే పడే మట్టికి కూర, రెండూ పాడయ్యాయి.

పైకి చేరిన మర్నాడే కాళ్ళ కింద దెబ్బ. కాస్త మొద్దుగా వచ్చింది గానీ వచ్చింది. గట్టిగా అణగ్గొట్టిన చౌడు దెబ్బను మింగదు, మోసుకొస్తుంది. కాఫీ కలుపుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకేడుస్తున్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? నేల బాగుంది కదా.

సరే, కనీసం కడుక్కుందాం అని బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి కడిగాను. అన్నేళ్ళ కసి తీరేలా కడిగాను. చౌడు గుణం మిద్దె మీద ఒకటి, బండ కింద ఒకటి. మిద్దె మీద వాన పడుతుంది, వాలు చూసుకుని పోతుంది, ఎండ వస్తుంది, ఆరుతుంది. బండల కింద ఎండ ఎక్కడిది? అతుకుల్లోంచి దిగిన నీళ్ళు ఎటూ పోక అక్కడే నిలిచాయి. కొన్నాళ్ళకు అతుకుల వెంట తెల్లగా ఉప్పు పూసింది. తర్వాత బండలు ఊగడం మొదలయింది. అడుగు వేస్తే ఒక మూల దిగి ఇంకో మూల లేచేది. ఆఖరికి ఒకరోజు చెక్కల సందుల్లోంచి ఉప్పు బురద జారి పంచెల బేలు మీద పడింది.

“నీళ్ళు అన్నేసి ఎందుకు పోశావే?” అన్నారు మా ఆయన.

“బండలు మరి దేనికి ఏయించింది, చూసుకోడానికా?” అన్నాను. ఆ ఇంట్లో నేను గట్టిగా అన్న మొదటి మాట అదేననుకుంటా. మామగారు వినీ విననట్టు గల్లాపెట్టె సర్దుకున్నారు. తాతగారి చౌడు పరువు తీసింది కోడలి నీళ్ళా, చౌడా అన్నది ఆయన తేల్చుకోలేకపోయారు.

బండలన్నీ మళ్ళీ లేచాయి. చౌడు తట్టల్లో దిగింది. పొయ్యి మళ్ళీ మెట్ల కిందికి పోయింది. నా నడుం అప్పటికే నాది కాదు. మేస్త్రీ చెక్కలు ఆరబెట్టి, కదిలే మేకులు బిగింపించి, మళ్ళీ అదే ప్రశ్న వేశాడు, “ఇప్పుడు కింద ఏం పరవమంటారు?” మగవాళ్ళు ముగ్గురూ నేలకేసి చూస్తూ నిలబడ్డారు. ఈసారి నేను గుమ్మంలోంచి వెళ్ళిపోలేదు.

“బేళ్ళ పట్టాలు ఉన్నయ్యి గదా మామయ్యా” అన్నాను.

మా కొట్టుకు బొంబాయి నుంచీ షోలాపూరు నుంచీ బట్టల మూటలు, అవే బేళ్ళు, వచ్చేవి. ప్రతి బేలుకూ పైన గోనెపట్టా, లోపల వానకు తడవకుండా తారు కాగితం. మామగారు ఒక్క పేలిక పారేసే మనిషి కాదు. ఏళ్ళ తరబడి వచ్చిన పట్టాలన్నీ మడతలు పెట్టి మెట్ల పక్క కొట్టుగది నిండా దాచారు. దేనికని అడిగితే పనికొస్తాయి అనేవారు.

“కింద తారు కాగితం, దాని మీద పట్టా పరిచి, పైన ఇసుక పోసుకుంటే సందుల్లో నుంచి రాలదు గదా. చెక్క కదిలినా ఇసుక సర్దుకుంటది” అన్నాను.

మామగారు మెట్ల వైపు చూశారు. దాచినవాటికి అన్నేళ్ళకు పని దొరికింది. ఆయన మొహం చూసి నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

“అమ్మాయి చెప్పింది బానే ఉందే” అన్నారు.

“బానే ఉంది. అంచులు గోడెమ్మట పైకి మడిచి, ముతక ఇసక పోద్దాం, రెండు వేళ్ళ మందం. ముందే అనుకున్నా నేను” అన్నాడు మేస్త్రీ. ముందే అనుకుంటే ముందే అనొచ్చుగా. పోనీలే, పెద్దవాడు.

ఇసుక పరిచి, బండలు సర్ది, ఈసారి అతుకులకు పలచగా సిమెంటు పూశారు. సిమెంటు ఎక్కడో ఒకచోట పడినందుకు మా ఆయనకూ తృప్తి. నాకెందుకు ఇసుకే కావాలో ఎవరికీ చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదు.

మొదటి రోజు కూరలు తరుగుతూ కూర్చున్నాను. పూటంతా ఏమీ లేదు. మధ్యాహ్నం మా ఆయన పైకి వచ్చి, “ఏమే, నాన్న అన్నిసార్లు కొడతంటే పలకవేంది?” అన్నారు.

“ఎప్పుడు కొట్టారు?” అన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఆయన కిందికి వెళ్ళాక నేల మీద మడమతో గట్టిగా తొక్కి చూశాను. రాయి మీద తొక్కినట్టే ఉంది. కిందవాళ్ళకు నేను లేను, నాకు కిందవాళ్ళు లేరు. ఆ మధ్యాహ్నం కొంగు పరుచుకుని పడుకున్నాను. పిల్లలు బడి నుంచి వచ్చి లేపేదాకా మెలకువ రాలేదు.

మెట్ల దగ్గరికి వచ్చి బేరాల ముందు గొంతు చించుకుని పిలవడం మామగారికి నామోషీ. రెండు రోజులు చూసి కొట్లో ఒక కూజా పెట్టించుకున్నారు. మంచినీళ్ళకు ఒక కూజా చాలునని తెలియడానికి నా మోకాళ్ళు రెండూ అరగాల్సి వచ్చింది. కాఫీ కూడా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అని తానే కుదించుకున్నారు. నెల రోజులకు పైగా నేను మహారాణిని.

తర్వాత మా ఆయన గుంటూరు వెళ్ళి కాలింగ్‌బెల్లు తెచ్చారు.

మీటేమో కింద గల్లాపెట్టె పక్కన, బెల్లేమో పైన వంటింటి గోడకు. నొక్కితే పిట్ట కూసినట్టు కూస్తుంది. అది చూడ్డానికి బజారు బజారంతా వచ్చింది. మామగారు చిన్నపిల్లాడిలా నొక్కారు. గజంబద్ద కనీసం కాళ్ళతో మాట్లాడేది, ఈ పిట్ట నెత్తి మీద కూసేది. స్నానాల గదిలో ఉన్నా వదలదు. పైగా బద్దకు ఒక భాష ఉంది. ఒకటంటే నీళ్ళు, రెండంటే కాఫీ. పిట్టకు ఒకటే కూత. ఏం కావాలో తెలియక దిగాలి, కాఫీ అని తెలుసుకుని ఎక్కాలి, కాఫీ పట్టుకుని మళ్ళీ దిగాలి. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డానంటే ఇదే. రెండుసార్లు తవ్వి పోసిన నేల, నా నడుం, పొగకు పోయిన కళ్ళు, అన్నీ ఆ పిట్ట తినేసింది.

దేవుడు ఉన్నాడని నాకు ఎండాకాలం తెలిసింది. కరెంటు కోత వచ్చింది.

మధ్యాహ్నం పూట కరెంటు పోగానే బజారంతా కరెంటాఫీసును తిట్టడం మొదలుపెట్టేది. ఫ్యాన్లు ఆగి, విసనకర్రలు లేచేవి. నేను మాత్రం తలుపు దగ్గరగా వేసి, చాప కూడా లేకుండా బండల మీద పడుకునేదాన్ని. తడిగుడ్డ పెట్టిన బండ చల్లగా ఉండేది. చెంప ఆనించి కళ్ళు మూసుకునేదాన్ని. ఊరంతా ఉక్కకు అల్లాడుతుంటే ఒక్క మనిషి సుఖపడుతోందంటే అది నేనే.

అలాంటి ఒక మధ్యాహ్నం, చెవి బండకు ఆనించి ఉన్నప్పుడు వినిపించింది. ఎక్కడో బావి అడుగున ఎవరో తట్టినట్టు, చాలా చిన్నగా. రెండు దెబ్బలు. కాస్త ఆగి మళ్ళీ రెండు. కరెంటు లేదు కనుక మామగారు మళ్ళీ గజంబద్ద తీశారన్నమాట. తల ఎత్తితే వినపడదు. చెవి ఆనిస్తే వినపడుతుంది. నిలబడి ఉన్న మనిషికి అందని చప్పుడు పడుకున్న మనిషికి అందుతోంది. తల ఎత్తి చూశాను, ఆనించి చూశాను. రెండు. కాఫీ.

లేవలేదు. ఒళ్ళు లేవనంది. నేనూ దాన్ని బలవంతపెట్టలేదు.

సాయంత్రం కాఫీ ఇస్తుంటే ఆయన అడిగారు. “మజ్జానం చానాసేపు కొట్టానమ్మాయ్. వినపడలా?”

“కింద ఇసుక గదా మామయ్యా” అన్నాను.

ఆయన గ్లాసు పట్టుకుని తలెత్తి కప్పులో ఉన్న గుంటకేసి చూశారు.  “మీ అత్తకి చెక్కే గదా. ఒక్కనాడు గూడా వినపడలా అనలేదు పాపం” అన్నారు.

అది నన్ను దెప్పడమో, మరొకటో నాకు అర్థం కాలేదు. ఒకటి మాత్రం నోటికి వచ్చేసింది.

“చెక్క మీద అత్తయ్య ఆ మాట ఎట్టా అంటది మామయ్యా?”

ఆయన కాఫీ తాగి గ్లాసు నా చేతికిచ్చారు. నేను మెట్లెక్కాను. ఎక్కుతుంటే భయం వేసింది, ఆ మాట ఎందుకన్నానా అని. వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం వేళకు కరెంటు పోయింది. బండ మీద చెవి ఆనించి పడుకున్నాను. దెబ్బ వస్తుందని చూశాను. రాలేదు. వచ్చేదాకా నిద్ర పట్టదేమోననుకుంటూ అలాగే కాచుకుని ఉన్నాను. తర్వాత ఎప్పుడు పట్టిందో తెలియదు. లేచేసరికి నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. కరెంటు వచ్చి చాలాసేపయినట్టుంది. పిట్ట కూయలేదు.